జనం మొహం చదివినవాడే హాస్యగాడు!

రేలంగి, రాజబాబు మనల్ని ఎన్నిసార్లు నవ్వించారో లెక్కలేదు. కాని తెర మీద ఉన్న వాళ్లకు మన మొహాలు కనిపించవు కదా! హాలంతా ఘొల్లుమన్నా, వెనక బెంచీ గుర్రు పెట్టినా వాళ్ల మాట మారదు. ఎదుట ఉన్న జనాన్ని చూసి అప్పటికప్పుడు మాట పుట్టించేవాడి తంటాలు వేరు. 1959లో చికాగోలో మొదలైన ‘సెకండ్ సిటీ’ బృందం ప్రేక్షకుల్నే ఒక మాట అడిగి, దాని మీద హాస్యం అల్లి పేరు తెచ్చుకుంది. దాన్నే ‘ఇంప్రోవ్’ అంటున్నారు. మా జలంత్రకోట వైపు ఈ పేరు కొత్తేమో గాని, పని కొత్త కాదండోయ్!

బుర్రకథే తీసుకోండి. నడుమ కథకుడు, చెరోపక్క వంతలు. ఒకరిది రాజకీయం, మరొకరిది హాస్యం. ‘అగ్గిరాముడు’ (1954)లో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ చూసినవారికి ఈ వరస తెలుసు. కథకుడి చేతిలో కథ ఉంటుంది. హాస్యగాడి చేతిలో ఉండేది జనమే!

గట్టివాడు జనం పాదాలు చూస్తాడు. వెనక నిలబడ్డవాళ్ల పాదాలు ఇంటిదారి పట్టాయా, కథకుడికి అడ్డం పడి ఓ వెర్రి ప్రశ్న వేస్తాడు. ఎవడైనా కింద నుంచి కేక వేస్తే, ఆ కేకనే మైకులో మళ్లీ పలుకుతాడు. అది అందరికీ వినబడుతుంది, తనకూ జవాబు వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. నవ్వు పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట అందుకుంటాడు. సీతారామరాజు విల్లెత్తే ఘట్టంలో కరెంటు పోయిందనుకోండి... ‘ఏటన్నా, తెల్లోడు పోతూ పోతూ కరెంటు కూడా అట్టుకుపోనాడేటి?’ అంటే చాలు, లేవబోయినవాడు మళ్లీ చతికిలబడతాడు!

అయితే మిత్రులారా, అసలు పరీక్ష ఇది కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను కుంగదీసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. ఈ సంగతులు తెలియని వాడు ఇక్కడ మైకు పట్టి రోగి నడకను అనుకరిస్తే నలుగురు నవ్వవచ్చు. కాని ఆ రోగి బిడ్డ ముందు వరసలోనే కూర్చుని ఉండవచ్చు! అదే తుపాను మీద ఊరివాళ్లే ఓ చెణుకు విసిరితే గుండె బరువు దిగుతుంది. మాట ఒకటే, అన్నవాడెవడన్నదే తేడా.

అందుకే ఆరితేరినవాడు ముందు తనమీదే జోకు వేసుకుంటాడు. తర్వాత తట్టుకోగల పెద్దమనిషి మీద వేస్తాడు. తిరిగి మాట అనలేనివాడి జోలికి మాత్రం పోడు.

కాలేజీ వార్షికోత్సవంలో మైకు అందుకోబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జోకులు బట్టీ పట్టింది చాలు. ఓ గంట ముందు వెళ్లి జనంలో కూర్చోండి. ఇవాళ వాళ్లు ఏ బరువుతో వచ్చారో తెలిస్తే, ఏ మాట అనాలో, ఏది మింగెయ్యాలో వాళ్ల మొహాలే చెబుతాయి. ఏమంటారు?