వేళ్ళకి కూలి ఎవరిస్తారు?

ఫోన్‌లో అక్షరం నొక్కితే లోపల బుల్లి మోటారు వణుకుతుంది. దాన్నే ‘స్పర్శ’ అని అమ్ముతున్నాం (నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్ణే). రేపు చేతికి గ్లవ్ తొడుక్కుని, అమెరికాలో కూర్చునే నరసాపురం లేసుని తడిమి చూడొచ్చట. సరే. ఆ గ్లవ్‌కి పాఠం చెప్పేదెవరు? క్రోషె సూది మీద దారం ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలిసిన ఆడవాళ్ళ వేళ్ళే కదా! వాళ్ళది పని కాదు, ఇంటిపట్టున కాలక్షేపం అనే సాకుతో కూలి ఎలా కోశారో మరియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. 2024లో లేసుకి జీఐ గుర్తింపొచ్చింది. అది పేరుకి రక్షణ, వేళ్ళకి కాదు. రేపు సెన్సార్లు తగిలించి, ఆ బిగువుని కొలిచి, ఊరికే వచ్చిన ‘డేటా’ అంటే మళ్ళీ అదే కాలక్షేపం లెక్క. కొలవకముందే రేటు మాట్లాడండి. రోజుకూలి కాదు, ఆ డేటా అమ్ముడైన ప్రతిసారీ వాటా.