విద్యాసాధనములపై స్వామ్యము

విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయమును ప్రయోగశాలయు నెంత ముఖ్యములో, నేటి కాలమున అంతర్జాలముపై నడచు బోధనావేదికయు నంత ముఖ్యము. పాఠము లందే యుండును. విద్యార్థుల వ్రాతలు, ఆచార్యుల దిద్దుబాట్లు, పరీక్షల మార్కులు అందే భద్రపఱుపబడును. ఇట్టి సాధనము విద్యాలయమునకు స్వాధీనమై యుండవలయునా, పరులకు ఏటేట శిస్తు చెల్లించి వాడుకొనవలయునా యనునది కొనుగోలు గుమాస్తాలకు వదలివేయదగిన విషయము కాదు. ఇది విద్యాస్వాతంత్ర్యమునకు సంబంధించిన ప్రశ్న.

బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ 2005 నవంబరులో దీనికి స్పష్టమైన సమాధానము చెప్పినది. 1969లో స్థాపితమై, లక్షకు పైబడిన విద్యార్థులకు దూరమునుండి చదువు చెప్పుచున్న ఆ సంస్థ, మూడుల్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును తన బోధనావేదికగా స్వీకరించెను. దీనిని నిర్మించినవాడు ఆస్ట్రేలియావాసియగు మార్టిన్ డౌగియామస్. పెర్త్ నగరమందలి కర్టిన్ విశ్వవిద్యాలయమున వెబ్‌సీటీ యను వాణిజ్య సాధనమును నిర్వహించుచు, దానితో తృప్తి నొందక, ఆయన వేఱొకదానిని స్వయముగా రచింపబూనెను. 2002 ఆగస్టులో మూడుల్ ప్రథమరూపము వెలువడెను. దాని మూలరచన బహిరంగము. ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. మార్చి పంచువారు అదే స్వేచ్ఛను పుచ్చుకొనువారికి నొసగవలయు ననునదియే నిబంధన.

ఇక వెబ్‌సీటీ గతి యేమైనది? అదియు విశ్వవిద్యాలయమునందే పుట్టినది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున ముర్రే గోల్డ్‌బర్గ్ అను అధ్యాపకుడు దానిని నిర్మించెను. 1999లో అది ఒక అమెరికా కంపెనీ హస్తగతమయ్యెను. 2005 అక్టోబరులో, అనగా ఓపెన్ యూనివర్సిటీ నిర్ణయమునకు ఒక నెల ముందు, పోటీదారైన బ్లాక్‌బోర్డ్ కంపెనీ దానిని కొననున్నట్లు ప్రకటించెను. మఱుసటి యేడు కొనుగోలు ముగిసెను. క్రమముగా ఆ పేరే మాసిపోయెను. దానిని నమ్మి పాఠములు కూర్చుకొన్న విద్యాలయములు ఈ క్రయవిక్రయములకు సాక్షులే గాని కర్తలు కాలేదు.

అంతటితో ముగియలేదు. 2006 జనవరిలో బ్లాక్‌బోర్డ్ ఇట్టి బోధనాపద్ధతిపై అమెరికాలో పేటెంటు పొంది, జూలైలో డిజైర్‌టులెర్న్ అను కెనడా కంపెనీపై దావా వేసెను. ఓపెన్ సోర్స్ వారిపై ఆ హక్కును ప్రయోగింపమని 2007లో వాగ్దానము చేసిన మాట నిజమే. 2008లో జూరీ బ్లాక్‌బోర్డ్ పక్షమున తీర్పు చెప్పగా, 2009లో అప్పీలు న్యాయస్థానము ఆ పేటెంటు చెల్లదని త్రోసివేసెను. న్యాయము తుదకు నిలిచినదే. కాని బోధనాసాధనము జమీందారీగా మాఱినచో సంభవించు ప్రమాద మెట్టిదో ఈ వ్యవహారము లోకమునకు తెలిపినది.

కౌలు పొలమున బావి త్రవ్వించు రైతు అరుదు. గడువు తీరిన మఱునాడు ఆ నీరు ఎవరిదో వానికి తెలియును. పరుల వేదికపై పాఠములు పేర్చుకొను విద్యాలయముల స్థితియు నిట్టిదే. శిస్తు పెంచినను చెల్లింపవలయును. విడిచిపోవుదమన్న పండిన పంట యంతయు నచ్చటనే చిక్కియుండును.

ఓపెన్ సోర్స్ ఊరక వచ్చునది గదా, ఊరక వచ్చినది నిలుచునా యని కొందఱు శంకింతురు. శంక సహేతుకమే. లైసెన్సు రుసుము లేకపోయినను సర్వర్లకు వ్యయము కలదు. మరమ్మతులకు, భద్రతకు నిపుణులు కావలయును. స్వంత పొలమైనను దున్నక పండదు. ఓపెన్ యూనివర్సిటీ ఈ సంగతి నెఱిగియే తన నిపుణులను పనికి నియోగించినది. పరీక్షాప్రశ్నలను నడపుటకు వారు నిర్మించిన యంత్రాంగము 2011లో మూడుల్ 2.1 నందు చేరి లోకమున కంతకు నుపయోగపడినది. శిస్తుగా పోవలసిన ధనము శక్తిగా మాఱుట యన నిదియే.

ఇందు మనకును సంబంధము కలదు. 1982లో హైదరాబాదున వెలసి నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము భారతదేశమున మొదటిది. అది నడచిన బాట బ్రిటను సంస్థ చూపినదే. బొంబాయి ఐ.ఐ.టి. మూడుల్‌ను వాడి మన దేశమున నిది సాధ్యమని చూపినది. మూడుల్ అనువదింపబడిన భాషలలో తెలుగునకును స్థానము కలదు. ఆ యనువాదమును దిద్ది పెంచుటకు ఏ కంపెనీ యనుమతియు నక్కఱలేదు. తెలుగు తెలిసినవారి శ్రమ చాలును.

కావున తెలుగునాట విశ్వవిద్యాలయముల పాలకవర్గములను మేము కోరునది మూడు విషయములు. ఏ బోధనావేదికకు ఒడంబడిక వ్రాసినను, గడువు ముగిసిన పిమ్మట పాఠములును విద్యార్థుల వివరములును సమగ్రముగా తమచేతికి వచ్చు నిబంధన నందు చేర్పవలయును. ఒక్కొక్కరు వేఱువేఱుగా వ్యయపడుటకు మాఱుగా, నాలుగైదు విద్యాలయములు కలసి నిపుణుల నొక యుమ్మడి బృందముగా పోషింపవలయును. ఆ యుద్యోగములు ఏటేట మాఱు తాత్కాలికపు కొలువులు గాక శాశ్వతములై యుండవలయును. నిపుణుడు వెడలిపోయిన స్వంత వేదిక పాడుబడ్డ బావియే. విద్యను మనదని చెప్పుకొనువారు దానిని మోయు సాధనమును గూడ మనదిగా నిలుపుకొనుట కర్తవ్యము.