నిల్వ డబ్బు ఎందుకు ఉంచాం?

పోయిన నెల సర్వసభ్య సమావేశంలో సహాయ నిధి లెక్క చదవగానే ఒక సభ్యుడు లేచాడు. "బ్యాంకులో లక్షా ఇరవై వేలు మూలుగుతుంటే మళ్లీ చందా ఎందుకు?" అన్నాడు. అడగాల్సిన మాటే. నిల్వ ఎంతో చెప్పాం గానీ ఎందుకో చెప్పలేదు, అది మా తప్పు.

మూడేళ్ల కిందట ఇదే మాటకు జంకాం. మార్చి 31 లోపు ఖాతా ఖాళీ చేయకుంటే పన్ను పడుతుందని ఎవరో అంటే, ఉన్నదంతా పెట్టి దుప్పట్లు కొని పంచేశాం. ఎండాకాలం ముందు దుప్పట్లు! ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. ఆ ఆగస్టులో ఒక కౌలు రైతు చనిపోయాడు. తెలంగాణలో రైతు బీమా 5 లక్షలు పాసుపుస్తకం ఉన్నవారికే, కౌలుదారుకు రావు. ఆయన భార్య మన దగ్గరకొస్తే ఖాతాలో 2,300 ఉన్నాయి. కమిటీ వాళ్లం తలా కొంత వేసుకుని ఇచ్చాం. దాన్ని నిధి చేసిన సాయం అనలేం.

ఆ తర్వాతే ఆడిటరును కూర్చోబెట్టి అడిగాం. పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్న ధర్మసంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం తన ఆశయాలకు ఖర్చు చేయాలి, మిగతా 15 శాతం ఏ కారణమూ చూపకుండా నిల్వ ఉంచుకోవచ్చు. అంతకంటే ఎక్కువ ఉంచాలంటే ఫలానా పనికని తీర్మానం చేసి, గడువులోగా నిర్ణీత ఫారం దాఖలు చేస్తే ఐదేళ్ల దాకా వీలుంది. మనకు ఏడాదికి సుమారు 4 లక్షలు వస్తాయి, అందులో 15 శాతం 60 వేలు. రెండేళ్లు అలా మిగిల్చిందే ఈ లక్షా ఇరవై వేలు.

ఇది ఎక్కువా? నెలకు 28 వేల దాకా సాయం చేస్తున్నాం, కాబట్టి నాలుగు నెలలకు కాస్త ఎక్కువ. మనకు చందా వచ్చేది పత్తి అమ్మినాక, వడ్లు కాంటా అయినాక. జనం తలుపు తట్టేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, విత్తనాలు మొలవనప్పుడు, బడి ఫీజులు కట్టాల్సినప్పుడు. విత్తనపు వడ్లు వండుకుతిన్నవాణ్ణి ఊళ్లో ఏమంటారో అందరికీ తెలుసు.

అయితే నిల్వ పేరు చెప్పి కమిటీ ఇష్టారాజ్యం చేయకూడదు. అందులోంచి కమిటీ సభ్యులకు చేబదులు ఇవ్వొద్దు, మా వాళ్లకైనా సరే. ప్రతి నెలా బ్యాంకు నిల్వ ఆఫీసు గోడ మీద రాయాలి. ఆరు నెలల సాయానికి సరిపడా, అంటే లక్షా డెబ్బై వేల దాకా, ఉంచుదామని మేమంటున్నాం. అంతకు మించినదంతా కౌలు రైతుల పిల్లల ఫీజులకు పోవాలి. వచ్చే సమావేశంలో దీని మీద చేతులెత్తి తేల్చండి.