నక్షా నిలిస్తేనే కట్టడం నిలుస్తుంది

సాగర్ రోడ్డున వచ్చినా, విజయవాడ రోడ్డున వచ్చినా మన పల్లెల వారు ఎల్.బి.నగర్ చౌరస్తాలో కలుస్తారు. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి మూసీ ఒడ్డుకు చేరుకుంటారు. హైకోర్టుకో, ఉస్మానియా ఆసుపత్రికో తరతరాలుగా ఇదే బాట. ఆ కట్టడాలను చూడని వారు అరుదు. వాటిని ఎవరు కట్టించారో తెలిసిన వారు అంతకన్నా అరుదు.

వాటిని కట్టించిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. 1876లో పుట్టిన ఈ ఇంగ్లండు దేశస్థుడు బతుకుతెరువుకు మన దేశం వచ్చి మొదట బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఇంజనీరుగా చేరాడు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ రూపకల్పన విలియం ఎమర్సన్‌ది. ఆ ఊహను కాగితం మీద గీసిపెట్టే పని ఎష్‌కు దక్కింది. తర్వాత ఆ కట్టడం పనిని పర్యవేక్షించిందీ ఆయనే.

1908 సెప్టెంబరు మూసీ వరద హైదరాబాదును ఊడ్చేసింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. దెబ్బతిన్న నగరాన్ని తిరిగి కట్టే రోజులలో, 1914లో ఎష్ నిజాం కొలువుకు వచ్చాడు. కాచిగూడ స్టేషను, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వరుసగా లేచాయి. హైకోర్టు పని 1915లో మొదలై 1919లో ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. హైకోర్టు నక్షా గీసినవాడు జయపూర్‌కు చెందిన శంకర్‌లాల్. పని నడిపించిన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. జయపూర్ వాని గీతను ఇంగ్లండు వాడు చదివాడు, మన మేస్త్రీలు రాయి పేర్చారు. ఒకరి భాష మరొకరికి రాకపోయినా నక్షా అందరికీ అర్థమైంది. గీసినవాడు పోయినా పని ఆగకుండా చేసేది నక్షాయే.

కట్టేనాడు ఎంత అవసరమో, మరమ్మతు నాడు అంతకు రెట్టింపు అవసరం. 2020 జూలైలో ఉస్మానియా పాత భవనం వార్డులలోకి వాన నీరు చేరింది. రోగులను తరలించి భవనాన్ని మూసివేశారు. కూల్చాలా, నిలపాలా అన్న వాదం ఏళ్ల తరబడి సాగింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. హైకోర్టుకు కూడా రాజేంద్రనగర్‌లో 2024లో పునాదిరాయి వేశారు. వాడుక తప్పిన ఇంటికి చెద తొందరగా పడుతుంది. గోడ మందమెంత, మురుగు కాలువ ఎటు పోతుంది అన్నది పాత నక్షా చూసి చెప్పాలి గాని, గోడలు తవ్వి తెలుసుకోవడం వైద్యం కాదు, గాయం.

ఈ మాట నగరానికే కాదు, పల్లెలకూ వర్తిస్తుంది. బడి గోడ బీటలు వారితే పునాది ఎంత లోతో చెప్పేవారుండరు. చెరువు తూము పాడైతే పాత కొలతలు దొరకవు. కంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళతాడు, ఇంజనీరుకు బదిలీ అవుతుంది, నక్షా ఏ బీరువాలోనో చిరుగుతుంది. ఊరి డబ్బుతో కట్టినదాని కాగితం ఊరిలో లేకపోవడం విచారకరం.

ప్రభుత్వం చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఎష్ కాలపు కట్టడాల నక్షాలు ఏ శాఖలో మిగిలి ఉన్నా వెదికి, నకళ్లు తీయించి, తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ భాండాగారంలో చేర్చాలి. 2022లో కొత్తపేట పాత పండ్ల మార్కెట్ స్థలంలో పునాది వేసిన ఆసుపత్రి మొదలు, ఊరి బడి వరకు ప్రతి ప్రభుత్వ కట్టడం నక్షా ప్రతి ఒకటి స్థానిక కార్యాలయంలో ఉండాలి. దానిమీద ఇంజనీరు పేరుతో పాటు మేస్త్రీ పేరూ ఉండాలి. గ్రామసభలలో మనవారు ఈ కాగితం అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.