రుచ్యర్థక ధాతువులు – రష్యన్ ప్రారంభపాఠం

రష్యన్ నేర్వబూనిన తెలుగు విద్యార్థి మొదటి నెలలోనే తడబడే చోటు ఒకటున్నది. 'ఈ పుస్తకం నాకు నచ్చుతుంది' అనడానికి రష్యన్లు 'మ్నే న్రావిత్సా ఎత క్నీగ' అంటారు. 'మ్నే' అంటే 'నాకు'; 'క్నీగ', పుస్తకం, ప్రథమావిభక్తిలో ఉన్నది. ఈ వాక్యంలో తెలుగువానికి వింత ఏమీ లేదు. అయినా అతడు 'యా', అనగా 'నేను' అని మొదలుపెట్టి, పుస్తకాన్ని ద్వితీయలో వేసి, క్రియను ఉత్తమపురుషలో 'న్రావ్ల్యూస్' అని ముగిస్తాడు. ఆ క్రియారూపానికి అర్థం 'నేను ఇతరులకు నచ్చుతాను' అని! తెలుగులో చేయని తప్పును రష్యన్‌లో చేయడానికి కారణం రష్యన్ కాదు, తెలుగూ కాదు. మన విద్యార్థికి రష్యన్ సాధారణంగా ఆంగ్లం ద్వారా అందుతున్నది. ఇష్టపడేవానిని కర్తగా, ఇష్టమైనదానిని కర్మగా నిలిపే ఆంగ్లవాక్యం నడుమ అడ్డుగా నిలుస్తున్నది.

ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు ఇక్కడ చేయదగిన పని ఉన్నది. రుచ్యర్థక ధాతువుల ప్రయోగంలో ప్రీతి పొందేవాడు సంప్రదానమని పాణిని అష్టాధ్యాయి 1-4-33లో విధించాడు. 'శిశవే రోచతే గుడః' అన్నప్పుడు రోచించే క్రియకు కర్త బెల్లం, శిశువు సంప్రదానం, 2-3-13 వలన చతుర్థి. అభిలాష శిశువునందున్నా దానిని పుట్టించేది బెల్లమే గనుక కర్తృత్వం దానిదేనని కాశికావృత్తి ఆశయం. పరీక్షకోసం వల్లెవేసి మరచిపోయే ఈ సూత్రం రష్యన్ వాక్యాన్ని అక్షరాలా వివరిస్తున్నది. క్రియ కర్తననుసరిస్తుంది గనుక నచ్చిన వస్తువు ఒకటైతే 'న్రావిత్సా', అనేకమైతే 'న్రావ్యత్సా'. రష్యన్ వైయాకరణులు ఈ విభక్తిని 'దాతెల్నీ' అంటారు. అది 'దాత్' అనే, ఇచ్చుట అర్థంగల ధాతువునుండి పుట్టినది. సంప్రదానశబ్దంలోని 'దా' ధాతువుకు అది తోబుట్టువు.

ఇక తెలుగు. అనంతపురం–గుత్తి దారిలో పెన్న ఒడ్డున ఉన్న పామిడి వస్త్రవ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అక్కడి బట్టల అంగట్లో చీర విప్పి పరచి 'ఏమ్మా, నచ్చిందా?' అని అడుగుతారు. కొనడం ఇంకా జరుగలేదు. చూపు పడి అరనిమిషం కాలేదు. అయినా క్రియ భూతకాలంలో ఉన్నది. రష్యన్‌లోనూ తొలిచూపులో కలిగిన ప్రీతికి వర్తమానరూపం చాలదు. 'ప' అనే ఉపసర్గ చేర్చి భూతకాలంలో, వస్తువు పుంలింగమైతే 'పన్రావిల్సా', స్త్రీలింగమైతే 'పన్రావిలస్' అంటారు. ఆంగ్లం ద్వారా చదివినవానికి ఇది రెండు పుటల నియమం. పామిడి పిల్లవానికి 'నచ్చుతుంది', 'నచ్చింది' అనే రెండు మాటల భేదం గుర్తుచేస్తే సగం పాఠం అయినట్లే. చీర నచ్చింది, చీరలు నచ్చాయి, అల్లుడు నచ్చాడు; క్రియ ఎవరిననుసరిస్తున్నదో అతడు పుట్టుకనుండి ఎరుగును.

సామ్యం ఇంతటితో ఆగదు. 'నాకు చలి' అన్నదానికి 'మ్నే హోలద్న', 'నాకు బాగాలేదు' అన్నదానికి 'మ్నే ప్లోహ', 'నాకు ఇరవై ఏళ్ళు' అన్నదానికి 'మ్నే ద్వాత్సత్ల్యెత్'. ఉన్నదనే క్రియ ఉభయత్రా లోపిస్తుంది. రష్యాకు వైద్యవిద్యకై వెళ్లే తెలుగు విద్యార్థులకు ఇది కాలక్షేప విషయం కాదు. విదేశీ వైద్యపట్టభద్రులకై 2021లో వచ్చిన నిబంధనలు బోధన ఆంగ్లంలో ఉండాలన్నవి; కాని మంచంమీది రోగి 'మ్నే ప్లోహ' అని తన భాషలోనే మూలుగుతాడు.

ఒక చిక్కు మాత్రం తీర్చవలసి ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) 'కు' వర్ణకాన్ని షష్ఠిలో చేర్చి, చతుర్థికి 'కొఱకు', 'కై' అనువానిని చెప్పినది. అందుచేత 'నాకు' షష్ఠి, 'మహ్యమ్' చతుర్థి, 'మ్నే' రష్యన్ల వరుసలో మూడవ విభక్తి. విభక్తుల లెక్కతో బోధిస్తే విద్యార్థి కలతపడతాడు. కారకంతో బోధిస్తే మూడింటా సంప్రదానమొక్కటే. విభక్తికంటె కారకం లోపలిదని మన పెద్దలు పట్టుబట్టినది ఊరకే కాదు.

దీనిని 'చతుర్థీకర్త' వంటి పేరుతో వ్యవహరించే ఆధునికులున్నారు. కాలిన్ మాసికా 1976లో దక్షిణాసియా భాషల సమానలక్షణాలలో దీనిని లెక్కించాడు. లక్షణం గుర్తించడం మెచ్చదగినదే; క్రియ అనుసరించని పదానికి కర్తృత్వమంటగట్టడం మాత్రం అంగీకార్యం కాదు.

మాస్కోలో 1960లో పెత్రూనిచెవా తెలుగు భాషను గురించి రష్యన్‌లో గ్రంథం ప్రకటించినది. 1972లో తెలుగు–రష్యన్ నిఘంటువు వెలువడినది. వారు తెలుగును తమ భాషద్వారా చదువుకొన్నారు. రష్యన్‌ను తెలుగుద్వారా, సంస్కృతవ్యాకరణపు వెలుగులో నేర్పే చిన్న పుస్తకాన్ని వ్రాయదగినవారు ప్రాచ్యకళాశాలలలోనే ఉన్నారు. ధాతువులు, ఉపసర్గలు, విభక్తులు అంటే బెదరని విద్యార్థులు మరెక్కడ దొరుకుతారు?

ఆ పుస్తకం సామ్యాలతో మురిసిపోక భేదాలనూ చెప్పాలి. 'ల్యుబీత్' అనే క్రియ మన 'లుభ్' ధాతువుకు బంధువు. ఇది ఇష్టపడేవానిని ప్రథమలోను, ఇష్టవస్తువును ద్వితీయలోను నిలుపుతుంది. తెలుగువాడు దీనిని 'ప్రేమించు'గా నేర్చుకొని తేనీటి విషయంలో వాడడానికి సిగ్గుపడతాడు. రష్యన్లకు ఆ సిగ్గు లేదు. నిత్యాభిరుచికి 'యా ల్యుబ్ల్యూ చాయ్' అనే అంటారు. ఊరుబిండి మీద మక్కువగల పామిడివాడు 'నాకు ఇష్టం' అనేచోట ఈ క్రియనే వాడాలి. పరదేశంలో దానిని మొదటిసారి రుచిచూసిన రష్యన్ స్నేహితుడు మాత్రం 'మ్నే పన్రావిలస్' అంటాడు. ఒకదానికంటె మరొకటి మేలని చెప్పే 'ప్రెత్‌పచితాత్' క్రియ ఇంకా కఠినం: ఎంచుకొన్నది ద్వితీయలోను, వెనుకకు నెట్టినది ఆ 'దాతెల్నీ' విభక్తిలోను ఉంటాయి. ఇక్కడ 'కంటె' అనే తెలుగుపదమూ, సంస్కృతపు పంచమీ రెండూ దారి తప్పిస్తాయి. ఈ పాఠాన్ని పుస్తకం చివరకు ఉంచడమే క్షేమం.