ఎవరు తోటివాళ్లు?

మెడికల్ కాలేజీల్లో ఇప్పుడు ఒక కొత్త మాట తిరుగుతోంది. మనసు బాగోలేకపోతే తోటి విద్యార్థితో చెప్పుకోవాలట. ప్రతి జూనియర్‌కీ ఒక సీనియర్‌ని తోడుగా పెడతారట. మంచిదే. మన పిల్లలకు ఆ తోటివాళ్లు ఎవరు?

2019 మే నెలలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి ప్రాణం తీసుకుంది. తడ్వి భిల్లుల ఇంటి నుంచి గైనకాలజీ పీజీ దాకా వచ్చిన అమ్మాయి. వేధింపుల కేసులో అరెస్టయింది ముగ్గురు సీనియర్ డాక్టర్లు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ చదువుతున్న లంబాడా బిడ్డ డాక్టర్ ప్రీతిని పోగొట్టుకున్నాం. అక్కడా అరెస్టయింది సీనియరే. కోర్టుల్లో ఏం తేలుతుందో తేలనీ. డ్యూటీలు వేసేదీ, పని నేర్పేదీ, నేర్పకుండా పక్కన నిలబెట్టేదీ సీనియర్. ఆ సీనియర్ దగ్గరే ఏడవమంటే ఎవరు ఏడుస్తారు?

పోనీ, తన ఈడు మనిషికి చెప్పుకుందామా అంటే లెక్క చూడండి. ఏటా పది పీజీ సీట్లున్న విభాగంలో తెలంగాణ పది శాతం ప్రకారం ఎస్టీకి వచ్చేది ఒక్కటి. ఆంధ్రలో ఆరు శాతం, ఆ ఒక్కటీ నిండదు. అంటే మన పిల్ల ఆ గదిలో ఒంటరి. రిజర్వేషన్ సీటు ఇచ్చింది గానీ పక్కన మనిషిని ఇవ్వలేదు.

బాధ అందరికీ ఉంది, కాదనను. జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదికలో ఎంబీబీఎస్ విద్యార్థుల్లో నూటికి దాదాపు 28 మంది తమకు మానసిక సమస్య ఉందని చెప్పారు. నిద్రలేని డ్యూటీలు అందరివీ. "నీ ర్యాంకెంత, ఏ కోటా?" అన్న ప్రశ్న మాత్రం కొందరికే. దానికి యోగా క్లాసు మందు కాదు.

అందుకే తోడు విభాగం దాటి, కాలేజీ దాటి ఉండాలి. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్ల నుంచి పీజీ దాకా, నర్సింగ్ పిల్లలతో సహా, కోయ, గోండు, లంబాడా, సవర, ఎవరైనా సరే ఒక్క గుంపుగా కట్టుకోవాలి. ఏజెన్సీ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన డాక్టర్లు అందులో ఉండాలి. వాళ్ల చేతిలో ఆ పిల్ల మార్కులు ఉండవు కదా. వేరు కుంపటి అంటారు కొందరు. కుల సంఘాల విందులకు లేని అభ్యంతరం దీనికెందుకో!

తోడు ఒక్కటే చాలదు, ఫిర్యాదు చేరే చోటు కూడా కావాలి. విన్న స్నేహితురాలు ఆ బరువు మోసుకుని తిరగకుండా, ఆ విభాగంతో సంబంధం లేని కమిటీకి అందించే దారి ఉండాలి. ఆ కమిటీలో ఆదివాసీ సభ్యులు ఉండాలి. రాత్రి రెండింటికి మనసు చేయి దాటితే 14416 టెలి మానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గది తలుపు మీద రాసిపెట్టండి. కమిటీ సంగతి ఐటీడీఏ పీఓలను, ప్రిన్సిపాళ్లను ఈ అడ్మిషన్లలోనే అడుగుదాం.