వారంటీ ముగిసినా బాధ్యత ముగియదు

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

ఇంజన్ ఉన్నంతకాలం నిలవాల్సిన టైమింగ్ చైన్ మా కారులో ఎనిమిదో ఏటే సాగిపోయింది. వేళకు ఆయిల్ మార్పించిన రసీదులన్నీ చూపినా, వారంటీ అయిపోయిందంటూ కంపెనీ చేతులు దులుపుకుంది.

అరుగుదల వేరు, తయారీ లోపం వేరు. కొన్ని లోపాలు ఏళ్లు గడిచాకే బయటపడతాయి. 2021 నాటి రీకాల్ నిబంధనలేమో ఏడేళ్లలోపు వాహనాలకే వర్తిస్తాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే లోపాన్ని నిరూపించాల్సిన భారం మాదే. పాడైన భాగం మాత్రం వర్క్‌షాపులోనే ఉండిపోతుంది.

అందుకే మా విన్నపాలు: ఏడేళ్ల పరిమితిని సడలించండి. విప్పిన భాగాన్ని యజమానికి తప్పనిసరిగా ఇప్పించండి. క్లెయిమును తిరస్కరిస్తే సాంకేతిక కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని కంపెనీలను ఆదేశించండి.

ఇట్లు,
ఒక కారు యజమాని